మలుపు ఎవరిది? – అయర్టన్ సెన్నా జీవితగాథ

సామల్పట్టి వంటి చిన్న రైల్వే స్టేషన్లలో ప్యాసింజరు బండి పక్క పట్టాల మీద నిలిచిపోయి, వెనుక నుండి వచ్చే ఎక్స్‌ప్రెస్‌కు దారి ఇవ్వడం మన ప్రాంతపు ప్రజలకు నిత్యం కనబడే దృశ్యమే. ఎవరు ముందు పోవాలి, ఎవరు ఆగాలి అన్న ప్రశ్నకు అక్కడ సిగ్నలు సమాధానం చెబుతుంది. తొప్పూరు కనుమలో లారీని దాటబోయే బస్సుకు రోడ్డు మీది తెల్లగీత హద్దు చూపుతుంది. మలుపులో దాటరాదన్నది అక్కడి నియమం.

మోటారు పందెపు బాట మీద ఈ రెండూ లేవు. అక్కడ మలుపులో దాటడమే విద్య. గంటకు మూడు వందల కిలోమీటర్ల వేగంతో వచ్చిన రెండు కార్లు ఒకే మలుపులోకి ఒకేసారి దూరినప్పుడు ఆ మలుపు ఎవరిది? ముందున్నవాడిదా, లోపలి వైపు నుండి దూసుకొచ్చినవాడిదా? ఈ ప్రశ్న తన జీవితమంతా వెంటాడిన మహావీరుడు అయర్టన్ సెన్నా. బ్రెజిల్ దేశపు ముద్దుబిడ్డగా, మూడు పర్యాయములు ఫార్ములా వన్ ప్రపంచ విజేతగా పేరుగాంచి, ముప్పది నాలుగేళ్ల వయసులోనే పందెపు బాటపై జరిగిన ప్రమాదంలో ప్రాణాలు కోల్పోయిన ఆ యువకుని జీవితం వేగపు కథ మాత్రమే కాదు. న్యాయం జరగలేదని నమ్మిన మనిషి తానే న్యాయమూర్తి అయితే ఏమవుతుందో తెలిపే కథ కూడా.

బాల్యం

1960వ సంవత్సరం మార్చి 21వ తేదీన బ్రెజిల్‌లోని సావో పాలో నగరంలో అయర్టన్ సెన్నా డ సిల్వా జన్మించారు. తండ్రి మిల్టన్ డ సిల్వా, తల్లి నేడె సెన్నా. వారిది కలిగిన కుటుంబం. అక్క వివియానె, తమ్ముడు లియోనార్డో. పసితనంలో అయర్టన్‌కు చేతులు, కాళ్లు పొందికగా కదిలేవి కావు. మెట్లు ఎక్కేటప్పుడు తడబడేవాడు. ఈ పిల్లవాడు ఏమవుతాడో అని పెద్దలు దిగులు చెందారు. కానీ నాలుగేళ్ల వయసులో తండ్రి గడ్డికోత యంత్రపు ఇంజనును బిగించి ఒక చిన్న బండిని తయారుచేసి ఇచ్చేసరికి ఆ తడబాటు మాయమయింది. నేల మీద సరిగా నడవలేని బాలుడు చక్రాల మీద మాత్రం నేర్పరి అయ్యాడు.

పదమూడవ ఏట సావో పాలోలోని ఇంటర్‌లాగోస్ బాటపై చిన్న బండ్ల పందేలలో అడుగుపెట్టారు. ఈ బండ్లను కార్ట్‌లు అంటారు. తొలి రోజులలో ఒక పందెంలో వాన పడి, తడి బాటపై ఆయన వెనుకబడిపోయారు. ఆ ఓటమి ఆయనను నిద్రపోనివ్వలేదు. అది మొదలు వాన పడితే చాలు, తోటివారు ఇండ్లకు పరుగెడుతుంటే ఆయన బండి తీసుకొని బాట మీదికి వెళ్లేవారు. తరువాతి కాలంలో వానలో ఆయనను మించినవారు లేరని లోకం కీర్తించడానికి పునాది ఆ సాధనే. బలహీనత ఉన్నచోటనే సాధన చేయాలన్న ఆ పట్టుదల మన పిల్లలు గమనించదగినది.

1977లో దక్షిణ అమెరికా కార్ట్ విజేతగా నిలిచారు. ప్రపంచ కార్ట్ పోటీలలో 1979లోను, 1980లోను రెండవ స్థానం మాత్రమే దక్కింది. ఎన్ని విజయాలు సాధించినా అందకుండా పోయిన ఆ మొదటి స్థానం ఆయన మనసులో ముల్లుగానే మిగిలిందంటారు.

ఇంగ్లండులో అడుగు

1981లో ఆయన ఇంగ్లండు చేరుకొని, కొత్తవారు ప్రవేశించే ఫార్ములా ఫోర్డ్ తరగతిలో విజయాలు సాధించారు. డ సిల్వా అన్నది బ్రెజిల్‌లో ఇంటింటా వినిపించే పేరు కనుక, తల్లి పుట్టింటి పేరైన సెన్నాను తన పేరుగా నిలుపుకున్నారు. 1983లో బ్రిటిష్ ఫార్ములా త్రీ పోటీలలో మార్టిన్ బ్రండల్ అనే ఆంగ్ల యువకునితో ఏడాది పొడవునా హోరాహోరీ పోరు సాగింది. ఆ ఏడాది ఔల్టన్ పార్క్ బాట మీద బ్రండల్‌ను దాటబోయిన సెన్నా కారు అతని కారుపైకి ఎక్కి ఆగింది. అయినా చివరకు విజేతృత్వం సెన్నానే వరించింది.

దాటడానికి ఎంత చోటు ఉంటే చాలునన్న ప్రశ్న ఆనాడే మొదలయింది. కనబడిన సందులోకి దూరడం, ఎదుటివాడు తప్పుకుంటాడని నమ్మడం ఆయన పద్ధతి. ఎదుటివాడు తప్పుకుంటే అది అద్భుతమైన దాటింపు. తప్పుకోకపోతే ప్రమాదం. ఇద్దరు డ్రైవర్ల మధ్య భారం మొత్తాన్ని ఎదుటివాని భుజాల మీదికి నెట్టే పద్ధతి ఇది. ఆయన పసుపు శిరస్త్రాణం అద్దంలో కనబడగానే చాలామంది పక్కకు జరిగిపోయేవారు. జరగనివారితోనే చిక్కు వచ్చింది.

వానలో ఒక పందెం

1984లో టోల్‌మన్ అనే చిన్న జట్టు తరఫున ఫార్ములా వన్‌లో ప్రవేశించారు. ఆ ఏడాది జూన్ 3న మొనాకోలో కుండపోత వాన. పదమూడవ స్థానంలో బయలుదేరిన ఈ కొత్త కుర్రవాడు ఒక్కొక్కరినే దాటుకుంటూ రెండవ స్థానానికి చేరి, ముందున్న ఫ్రాన్సు దేశీయుడు అలెన్ ప్రోస్ట్‌ను అందుకోబోతున్నారు. అంతలో వాన కారణంగా పందెం నిలిపివేయబడింది. ప్రోస్ట్ విజేతగా ప్రకటింపబడ్డారు. తన విజయాన్ని అధికారులు లాక్కున్నారని సెన్నా భావించారు.

కాలం చేసే చిత్రం చూడండి. పందెం సగంలో ఆగినందువల్ల ప్రోస్ట్‌కు తొమ్మిది పాయింట్లకు బదులు నాలుగున్నర మాత్రమే దక్కాయి. పందెం పూర్తిగా జరిగి ఆయన రెండవ స్థానంలో నిలిచి ఉంటే ఆరు పాయింట్లు వచ్చేవి. ఆ ఏడాది చివర ప్రోస్ట్ ప్రపంచ కిరీటాన్ని నికీ లాడాకు కోల్పోయినది కేవలం అర పాయింటు తేడాతో. ఒక తీర్పు ఎవరికి మేలు చేసిందో, ఎవరికి కీడు చేసిందో ఆ క్షణాన ఎవరూ చెప్పలేరు.

1985లో లోటస్ జట్టులో చేరిన సెన్నా ఏప్రిల్ 21న పోర్చుగల్‌లోని ఎస్తోరిల్‌లో, మళ్లీ వానలోనే, తన తొలి ఫార్ములా వన్ విజయాన్ని అందుకున్నారు.

ఒకే ఒరలో రెండు కత్తులు

1988లో సెన్నా మెక్‌లారెన్ జట్టులో చేరారు. అప్పటికే అక్కడ ప్రోస్ట్ ఉన్నారు. ప్రోస్ట్ అప్పటికి రెండుసార్లు ప్రపంచ విజేత. ఆలోచించి, లెక్క వేసి, కారును అరగదీయకుండా నడిపే నేర్పరి కనుక ఆయనను ప్రొఫెసర్ అని పిలిచేవారు. సెన్నా నిప్పు వంటివాడు. ఆ ఏడాది పదహారు పందేలలో పదిహేను మెక్‌లారెన్‌వే. సెన్నాకు ఎనిమిది, ప్రోస్ట్‌కు ఏడు. జపాన్‌లోని సుజుకాలో బయలుదేరే చోట ఇంజను ఆగిపోయి పదునాలుగవ స్థానానికి జారిన సెన్నా, అక్కడి నుండి అందరినీ దాటి గెలిచి తొలి ప్రపంచ కిరీటాన్ని ధరించారు.

ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవన్న సామెత నిజమయింది. అదే 1988లో ఎస్తోరిల్‌లో, గంటకు దాదాపు మూడు వందల కిలోమీటర్ల వేగంతో తనను దాటుతున్న ప్రోస్ట్‌ను సెన్నా గోడ వైపుకు నెట్టుకుంటూ పోయారు. పక్కన నిలబడిన సిబ్బంది వెనక్కి తగ్గారు. ప్రోస్ట్ తగ్గక ముందుకు సాగి గెలిచారు కాని, మనసు విరిగింది. 1989లో ఇటలీలోని ఇమోలాలో, మొదటి మలుపు వరకు ఒకరినొకరు దాటకూడదని ఇద్దరి మధ్య ఒప్పందం ఉండేది. పందెం మధ్యలో ఆగి మళ్లీ మొదలైనప్పుడు సెన్నా ప్రోస్ట్‌ను దాటివేశారు. మాట తప్పారని ప్రోస్ట్, ఒప్పందం అక్కడ వర్తించదని సెన్నా. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లన్నట్లు ఇద్దరూ బిగుసుకున్నారు. ఆ తరువాత ఇద్దరి మధ్య మాటలు కరవయ్యాయి.

సుజుకా, 1989

1989 అక్టోబరు 22. మళ్లీ సుజుకా. పాయింట్ల పట్టికలో ప్రోస్ట్ పదహారు పాయింట్ల ముందంజలో ఉన్నారు. సెన్నాకు గెలుపు తప్ప మరో మార్గం లేదు. ఇకపై తాను తలుపు తెరిచి దారి ఇవ్వబోనని ప్రోస్ట్ ముందే తెలిపి ఉన్నారు. ఆరంభంలోనే ప్రోస్ట్ ముందుకు దూకారు. సెన్నా వెంటాడారు. పందెం ముగియడానికి కొద్ది చుట్లే మిగిలి ఉండగా, వేగాన్ని బాగా తగ్గించి కుడికి, వెంటనే ఎడమకు తిరగవలసిన ఇరుకైన జంట మలుపు వద్ద సెన్నా లోపలి వైపు నుండి దూసుకొచ్చారు. ప్రోస్ట్ కుడికి తిరిగారు. చక్రాలు పెనవేసుకొని రెండు కార్లూ బాట పక్కకు జారి ఆగిపోయాయి.

ఇక్కడ పాఠకులు కొంత ఓపికతో ఆలోచించాలి. ప్రోస్ట్ పక్షాన చెప్పవలసింది ఇది. ఆయన ముందున్నవారు. మలుపు తిరిగే హక్కు ఆయనది. చాలా వెనుక నుండి వచ్చినవాడు ముందువానిపై పడి హక్కు అడగరాదు. సెన్నా పక్షాన చెప్పవలసింది కూడా ఉంది. ఢీకొనే వేళకు ఆయన ముందు చక్రాలు ప్రోస్ట్ కారు పక్కకు చేరి ఉన్నాయి. పక్కన కారు ఉన్నదని తెలిసీ, మామూలుగా తిరిగేచోటు కంటే ముందే ప్రోస్ట్ తిరిగారు. ఈ రెండు వాదనలలో ఏది సరియైనదన్న చర్చ నేటికీ ఆగలేదు.

ప్రోస్ట్ కారు దిగిపోయారు. సెన్నా మాత్రం బాట సిబ్బంది చేత కారును నెట్టించుకొని, ఇంజను తిరిగి అంటుకోగానే, ఆ మలుపును తిరగకుండా పక్కనున్న తప్పుదారి గుండా బాటపైకి చేరారు. దెబ్బతిన్న ముందుభాగాన్ని మార్పించుకొని, ఇటలీకి చెందిన అలెస్సాండ్రో నన్నీనిని దాటి, మొదటివారుగా గీత దాటారు. కానీ జంట మలుపును తిరగకుండా వచ్చినందుకు న్యాయనిర్ణేతలు ఆయనను పందెం నుండి తొలగించారు. నన్నీని విజేత అయ్యారు. ప్రోస్ట్ మూడవసారి ప్రపంచ విజేత అయ్యారు.

అసలు లోపం ఇక్కడే ఉన్నది. అందరూ అడిగిన ప్రశ్న ఆ దాటింపు న్యాయమా కాదా అన్నది. వెలువడిన తీర్పు తప్పుదారి గురించి. అడిగిన ప్రశ్న ఒకటి, చెప్పిన తీర్పు మరొకటి. కారును వెనక్కి తిప్పి ఎదురుగా వచ్చే కార్లలోకి పోవడం కంటే ఆ దారే క్షేమమని, ఇంతకుముందు ఇతరులు అటు వెళ్లినా శిక్ష లేదని సెన్నా వాదించారు. మెక్‌లారెన్ జట్టు చేసిన అప్పీలు నెగ్గలేదు. సరికదా, లక్ష డాలర్ల జరిమానాతోపాటు, మళ్లీ తప్పు చేస్తే అమలయ్యేలా ఆరు నెలల నిషేధమూ విధింపబడింది. నాటి క్రీడాసంస్థ అధ్యక్షుడు జాన్ మరీ బలెస్త్ర్ ఫ్రాన్సు దేశీయుడు. ప్రోస్ట్ కూడా ఫ్రాన్సు దేశీయుడే. కంచే చేను మేసిందన్న అనుమానం సెన్నా మనసులో స్థిరపడింది. అనుమానం నిజమో కాదో గాని, అనుమానానికి చోటిచ్చిన తీర్పు సగం తీర్పే.

సుజుకా, 1990

మరుసటి ఏడాది ప్రోస్ట్ ఫెరారీ జట్టుకు వెళ్లిపోయారు. మళ్లీ కిరీటపు పోరు వారిద్దరి మధ్యనే. మళ్లీ సుజుకాయే. ఈసారి పాయింట్లలో సెన్నా ముందున్నారు. అర్హత పరుగులో అందరికంటే వేగంగా నడిపి మొదటి స్థానాన్ని సంపాదించారు. కానీ ఆ మొదటి స్థానం బాటకు కుడివైపున, దుమ్ము పేరుకున్నచోట ఉంది. రెండవ స్థానం కార్లు తరచు తిరిగి శుభ్రపడిన ఎడమ వైపున ఉంది. దుమ్ములో చక్రాలు జారి ఆరంభం నెమ్మదిస్తుంది. కష్టపడి మొదటివాడైనవానికి నష్టం, రెండవవానికి లాభం. స్థానం మార్చమని సెన్నా కోరారు. మొదట ఒప్పుకున్న అధికారులు తరువాత కాదన్నారు. దీని వెనుకనూ బలెస్త్ర్ చేయి ఉన్నదని సెన్నా నమ్మారు.

అప్పుడే ఆయన ఒక నిశ్చయానికి వచ్చారు. ప్రోస్ట్ ముందుకు దూకితే, మొదటి మలుపులో తాను మాత్రం వెనుకకు తగ్గేది లేదన్నది ఆ నిశ్చయం. 1990 అక్టోబరు 21న అనుకున్నట్లే ప్రోస్ట్ ముందుకు దూకారు. మొదటి మలుపు వద్ద ప్రోస్ట్ తిరిగారు. సెన్నా కాలు తీయలేదు. రెండు కార్లూ దుమ్ము రేపుకుంటూ కంకర మేటలోకి కొట్టుకుపోయాయి. పందెం మొదలై కొద్ది సెకన్లే. ఇద్దరూ తప్పుకోవడంతో కిరీటం సెన్నాకు దక్కింది.

వెనుక ఇరవైకి పైగా కార్లు అదే వేగంతో వస్తున్నాయి. ఒక చక్రం ఊడి గాలిలోకి లేచినా, ఒక కారు బోర్లాపడినా ఎవరి ఇంటి దీపం ఆరేదో చెప్పలేము. ఎవరికీ గాయం కాకపోవడం అదృష్టం తప్ప నేర్పు కాదు. ఈసారి ఎవరికీ శిక్ష పడలేదు. ముందటి ఏడాది చిన్న తప్పుకు పెద్ద శిక్ష, ఈ ఏడాది పెద్ద తప్పుకు శిక్షే లేదు.

ఆ తరువాత ఆస్ట్రేలియాలో మాజీ విజేత జాకీ స్టూవర్ట్ దూరదర్శన్ సంభాషణలో, ఇతర విజేతలకంటే ఎక్కువసార్లు ఢీకొన్నావెందుకని సెన్నాను సూటిగా అడిగారు. సెన్నా నొచ్చుకున్నారు. సందు కనబడినప్పుడు ప్రయత్నించనివాడు పందెగాడే కాడన్నది ఆయన సమాధానపు సారాంశం. వినడానికి అది వీరోచితమైన మాట. సుజుకాలో మొదటి మలుపు వద్ద జరిగినది మాత్రం ఆ మాటకు తగదు. అక్కడ ఆయన వెతికినది దాటే దారి కాదు.

ఒప్పుకోలు

1991 అక్టోబరు 20న, అదే సుజుకాలో, సెన్నా మూడవసారి ప్రపంచ విజేత అయ్యారు. చివరి మలుపులో వేగం తగ్గించి, ఏడాదంతా తనకు సహకరించిన తోటి డ్రైవరు గెర్హార్డ్ బెర్గర్‌కు విజయాన్ని అప్పగించారు. ఆ నెలలోనే బలెస్త్ర్ అధ్యక్ష ఎన్నికలో ఓడిపోయారు. అప్పుడు విలేకరుల ముందు సెన్నా గుండె విప్పారు. 1990లో ఢీకొనడం యాదృచ్ఛికం కాదని, 1989 నాటి అన్యాయానికి బదులుగా ముందే నిశ్చయించుకున్నదని ఒప్పుకున్నారు. ఏడాది పాటు దాచిన నిజాన్ని బయటపెట్టారు.

ఈ ఒప్పుకోలును ధైర్యమని కొందరు, గర్వమని కొందరు భావించారు. రెండూ కొంతవరకు నిజమే. కానీ అందులో ఇమిడి ఉన్న నీతి పెద్దది. సెన్నాకు 1989లో జరిగినది అన్యాయమే అనుకున్నా, దానికి బదులుగా 1990లో చేసినది న్యాయం కాజాలదు. గట్టు తగాదాలో సర్వేయరు తప్పు కొలత వేశాడని పక్కవాని పంటకు నిప్పు పెట్టే రైతును ఊరు మెచ్చుకోదు. నిప్పు గట్టు దగ్గర ఆగదు గనుక.

మరొక ముఖం

ఇదే మనిషి 1992 ఆగస్టులో బెల్జియంలోని స్పా బాటపై అభ్యాస వేళ చేసిన పనిని కూడా చెప్పకపోతే ఈ కథ సగమే అవుతుంది. ఎరిక్ కొమాస్ అనే ఫ్రెంచి యువకుని కారు గోడను ఢీకొని బాట మధ్యలో ఆగింది. అతడు స్పృహ కోల్పోయాడు. కాలు ఇంజనును ఇంకా నొక్కుతూనే ఉంది. వెనుక వచ్చిన సెన్నా తన కారును ఆపి, వేగంగా వస్తున్న కార్ల మధ్య పరుగెత్తి, ఇంజనును ఆపి, వైద్యులు వచ్చేవరకు అతని తలను కదలకుండా పట్టుకున్నారు. నిప్పంటుకుంటే ఇద్దరూ మిగిలేవారు కారు.

1993 ఏప్రిల్ 11న ఇంగ్లండులోని డోనింగ్టన్‌లో, తడి బాటపై, మొదటి మలుపులో అయిదవ స్థానానికి జారిన సెన్నా అదే చుట్టు ముగియకముందే షూమాకర్‌ను, వెండ్లింగర్‌ను, హిల్‌ను, చివరకు ప్రోస్ట్‌ను దాటి మొదటి స్థానానికి చేరారు. నలుగురినీ ఎక్కడా తాకలేదు. ఎవరినీ బాట నుండి నెట్టలేదు. దాటడం ఎట్లుండాలో నేర్పదలచినవారు నేటికీ ఆ చుట్టునే చూపుతారు. బలవంతం అవసరం లేనంత నేర్పు ఆయనలో ఉన్నదని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు.

అయినా కోపం పూర్తిగా పోలేదు. అదే ఏడాది సుజుకాలో, ఒక చుట్టు వెనుకబడి ఉండి కూడా తనను తిరిగి దాటిన ఎడ్డీ ఇర్వైన్ అనే కొత్త డ్రైవరును పందెం తరువాత సెన్నా కొట్టారు. ప్రమాదకరంగా దాటావని ఆయన నిందించింది ఆ కుర్రవానిని. ఒకప్పుడు తనపై పడిన నింద కూడా అదే కదా.

నవంబరు 7న ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో సెన్నా తన చివరి విజయాన్ని సాధించారు. ప్రోస్ట్‌కు అది ఆఖరి పందెం. విజేతల వేదికపై సెన్నా ప్రోస్ట్ చేయి పట్టి తన పక్కకు పైకి లాగారు. అయిదేళ్ల వైరం అక్కడ చల్లబడింది.

ఇమోలా

1994లో సెన్నా విలియమ్స్ జట్టులో చేరారు. ఏప్రిల్ 29న ఇమోలాలో తోటి బ్రెజిల్ యువకుడు రూబెన్స్ బారికెల్లో పెద్ద ప్రమాదం నుండి బయటపడ్డారు. 30న ఆస్ట్రియాకు చెందిన రోలండ్ రాట్‌జెన్‌బర్గర్ అర్హత పరుగులో మరణించారు. సెన్నా కన్నీరు పెట్టుకున్నారు. పందేల వైద్యుడు, ఆయనకు ఆప్తుడు అయిన సిడ్ వాట్కిన్స్ ఇక చాలు, మానివేయమని సలహా ఇచ్చారు. మానలేనన్నారు సెన్నా.

మే 1వ తేదీ ఉదయం ఫ్రెంచి టెలివిజన్ కోసం ఒక చుట్టు వివరిస్తూ, వ్యాఖ్యాతగా వచ్చిన ప్రోస్ట్‌ను ఆత్మీయంగా పలకరించారు. డ్రైవర్ల క్షేమం కోసం వారి సంఘాన్ని తిరిగి నిలబెట్టాలని తోటివారితో చర్చించారు. మధ్యాహ్నం పందెం ఏడవ చుట్టులో, టంబురెల్లో అనే మలుపు వద్ద, ముందంజలో ఉన్న ఆయన కారు బాట వదిలి గోడను ఢీకొంది. అక్కడ ఎవరూ ఆయనను దాటబోలేదు. ఆయనా ఎవరినీ దాటబోలేదు. ఆ సాయంత్రం బొలోన్యా ఆసుపత్రిలో తుదిశ్వాస విడిచారు. కారులో ఒక ఆస్ట్రియా జెండా దొరికింది. గెలిస్తే రాట్‌జెన్‌బర్గర్ స్మృతికి దానిని ఎగురవేయాలని ఆయన తలచారు.

బ్రెజిల్ ప్రభుత్వం మూడు రోజులు సంతాపదినాలుగా ప్రకటించింది. సావో పాలో వీధులలో లక్షలాది జనం నిలబడి కన్నీటి వీడ్కోలు పలికారు. శవపేటికను మోసినవారిలో ప్రోస్ట్ ఒకరు. అదే ఏడాది అక్క వివియానె అయర్టన్ సెన్నా సంస్థను స్థాపించి, బ్రెజిల్ బడి పిల్లల చదువుకు సేవ చేయడం ప్రారంభించారు. 161 పందేలు, 41 విజయాలు, 65 సార్లు మొదటి స్థానంలో ఆరంభం, మూడు ప్రపంచ కిరీటాలు ఆయన మిగిల్చిన లెక్క.

తరువాత వచ్చిన తీర్పులు

సుజుకాలో అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పడానికి క్రీడాసంస్థకు చాలా కాలం పట్టింది. 1997 అక్టోబరు 26న స్పెయిన్‌లోని హెరెస్‌లో, కిరీటం తేలవలసిన పందెంలో, తనను దాటుతున్న జాక్ విల్‌నవ్ కారుపైకి మైకేల్ షూమాకర్ తన కారును తిప్పారు. ఈసారి సంస్థ ఊరుకోలేదు. షూమాకర్‌ను ఆ ఏడాది పాయింట్ల పట్టిక నుండే తొలగించింది. ఎంతటి వీరుడైనా కావాలని ఢీకొంటే కిరీటపు లెక్కలో చోటుండదని తెలిపిన తీర్పు అది.

2010 నుండి న్యాయనిర్ణేతల పక్కన ఒక మాజీ డ్రైవరు కూర్చుంటున్నారు. నడిపినవానికే నడకలోని మర్మం తెలుస్తుందన్నది దానిలోని ఆలోచన. 2014 నుండి తప్పు చేసిన డ్రైవరు లైసెన్సుపై శిక్షా పాయింట్లు పడుతున్నాయి. పన్నెండు నెలలలో పన్నెండు చేరితే ఒక పందెం నిషేధం. దాటింపునకు కొలతలు కూడా ఏర్పడ్డాయి. లోపలి వైపు నుండి దాటేవాని ముందు చక్రాలు మలుపు కొస చేరేసరికి కనీసం ఎదుటివాని అద్దం దాకా వచ్చి ఉండాలి. కారు అదుపులో ఉండాలి. బాట హద్దు దాటకుండా మలుపు తిరగగలగాలి. ఇవి ఉంటే ఎదుటివాడు చోటు ఇవ్వాలి. లేకపోతే దాటేవాడే తగ్గాలి. మనిషి పేరును, దేశాన్ని, పాత పగను చూడక చక్రం ఎక్కడున్నదో మాత్రమే చూసే కొలత ఇది.

కొలత ఉన్నంత మాత్రాన తీర్పు సులభమని కాదు. మన తమిళనాట కోయంబత్తూరుకు చెందిన నరైన్ కార్తికేయన్ 2005లో ఫార్ములా వన్‌లో నడిపిన తొలి భారతీయుడు. 2012 మార్చి 25న మలేషియాలో ఆయన వెనుకబడిన చిన్న జట్టు కారులో ఉండగా, నాటి ప్రపంచ విజేత సెబాస్టియన్ వెట్టెల్ ఆయనను దాటి, వెంటనే ఆయన ముందుకు జరిగారు. వెట్టెల్ వెనుక చక్రం నరైన్ కారు ముందు భాగానికి తగిలి పగిలింది. వెట్టెల్ కోపంతో దుర్భాషలాడారు. న్యాయనిర్ణేతలు నరైన్‌కే ఇరవై సెకన్ల శిక్ష వేశారు. ఆ తీర్పు కఠినమైనదని చాలామంది అభిప్రాయపడ్డారు. అదే పందెంలో జెన్సన్ బటన్ కూడా నరైన్ కారును తాకారు. అది తన పొరపాటేనని బటన్ అంగీకరించారు. ఒకే రోజు, ఒకే డ్రైవరు, ఇద్దరు విజేతలు, రెండు విధాలైన మనసులు. శిక్ష పడినా నరైన్ మరుసటి పందెంలో తన పని తాను చేసుకున్నారు. పగతో ఎవరి మీదికీ కారు తిప్పలేదు.

సుజుకాలో రెండు కార్లు కంకరలోకి కొట్టుకుపోయిన 1990లోనే మద్రాసు సమీపాన ఇరుంగాట్టుకోట్టై వద్ద మోటారు పందెపు బాట ప్రారంభమయింది. 2003లో కోయంబత్తూరు దగ్గర చెట్టిపాళెంలో కారి మోటార్ స్పీడ్‌వే వెలసింది. మోటారు సైకిళ్లు తయారయ్యే హోసూరు మనకు కూతవేటు దూరంలోనే ఉన్నది. మన పల్లెల పిల్లలకూ రేపు ఆ బాటలు అందుబాటులోకి రావచ్చు. బాట ఎక్కకపోయినా, కృష్ణగిరి రహదారిపై రెండు చక్రాల బండి నడపని యువకుడు నేడు అరుదు.

సెన్నా కథ వారికి వేగం నేర్పవచ్చు. అంతకంటే ముఖ్యమైనది మరొకటి నేర్పాలి. తీర్పరి తప్పు చేయవచ్చు. ఆ తప్పును తీర్పరి ఎదుటే ప్రశ్నించాలి, మళ్లీ మళ్లీ అడగాలి, నియమం మారేవరకు అడగాలి. మలుపులో మాత్రం దానికి బదులు తీర్చుకోరాదు. అక్కడ పక్కనున్నది పగవాడే కావచ్చు. కానీ ఆ కారులో ఉన్నది ఒక తల్లి కన్న బిడ్డ ప్రాణం. స్పాలో కొమాస్ తల పట్టుకొని నిలిచిన సెన్నాకు ఆ సంగతి తెలుసు. సుజుకా మొదటి మలుపులో కాలు తీయని సెన్నా దానిని ఒక్క క్షణం మరిచారు. ఆ ఇద్దరూ ఒక్కరే. మన పిల్లలకు ఇద్దరినీ చూపి, మొదటివానిని అనుసరించమని చెప్పడమే ఆ మహావీరునికి మనం చేయగల నిజమైన నివాళి.